తొమ్మిదో పోర్టు ఇంకా పలుకుతోంది

తాడేపల్లిగూడెంలో మేము కొత్త ఇంట్లోకి మారినప్పుడు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టాల్సిందేనని మా అత్తగారు పట్టుబట్టారు. దాని బదులు ఒక మంచి తాళం కొందామని మూడు రోజులు పోట్లాడినదాన్ని నేను. దయ్యాలు, దిష్టి, చెడుగాలి, ఇవేవీ నా బుర్రకెక్కవు. పరికరం ఏం చెబితే అదే నమ్ముతాను. పన్నెండేళ్ళుగా నా ఉద్యోగం కూడా అదే.

కాబట్టి ఇక్కడ రాసేదంతా పరికరం చెప్పిందే. పేర్లు మాత్రం మార్చాను. నా పేరు పద్మజ అనుకోండి.

నాది ఏలూరులో ఒక ఇంటర్నెట్ కంపెనీలో టెస్టింగ్ డెస్కు. ఆఫీసులో ఒక పెద్ద రౌటరు, దానికి ఇరవై నాలుగు పోర్టులు. కాగితాల్లో ఇంటర్‌ఫేస్ అని రాస్తాం, నోటితో పోర్టు అంటాం. కొల్లేరు వైపు వెళ్ళే ఒక్కో లైనుకు ఒక్కో పోర్టు. లైను అవతలి కొసన చేపల చెరువు, గట్టు మీద షెడ్డు, షెడ్డులో గోడకు ఇనుప పెట్టె, అందులో ఒక చిన్న రౌటరు. చెరువుగలాయన కైకలూరులో ఇంట్లో కూర్చుని కెమెరాలు చూసుకోవడానికి, నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో తెలుసుకోవడానికి ఇదంతా.

లైను బాగుందో లేదో చూడాలంటే ఇక్కడి నుంచి ఆ పెట్టెను పిలుస్తాం. దాన్ని పింగ్ అంటారు. ఒక్కసారి నొక్కితే ఐదు పిలుపులు వెళతాయి. అవతల కరెంటు ఉండి, మధ్యలో తీగ తెగకుండా ఉంటే ఐదింటికీ జవాబొస్తుంది. మా లైన్‌మెన్ ఎవరూ పింగ్ అనరు. పలుకుతోందా, పలకట్లేదా అంటారు.

చెరువు గట్ల మీద కరెంటు సంగతి చూసినవాళ్ళకే తెలుసు. మోటార్లకొక లైను, ఏరియేటర్లకొక లైను, జనరేటరు, ఇన్వర్టరు, అన్నీ ఒకే బోర్డులోకి వస్తాయి. పది స్విచ్చులుంటే ఏది దేనిదో కాపలావాడికి కూడా తెలియదు. అందుకని మావాళ్ళు పెట్టె మీద చెయ్యి వేసే ముందు ఒక్కో స్విచ్చూ ఆపుతూ డెస్కుకు ఫోన్ చేసి అడుగుతారు. పలుకుతోంది అంటే ఇంకా కరెంటుంది, ఆగాలి. పలకట్లేదు అంటే అసలు స్విచ్చు దొరికినట్టు, ముట్టుకోవచ్చు. టెస్టర్ ఉంటుంది కదా అనొచ్చు. ఉంటుంది. తడి గట్టు మీద, చెమట చేతుల్లో, మిట్టమధ్యాహ్నం ఎండకు దాని బుల్లి దీపం వెలిగిందో లేదో కనిపించి చావదు.

ఏ పుస్తకంలోనూ లేని ఈ పద్ధతిని మా దగ్గర పెట్టింది దానియేలు గారు. మా లైన్‌మెన్‌లో అందరికంటే పెద్దాయన. మండవల్లి దగ్గర వాళ్ళ ఊరు. కొత్తగా చేరిన ప్రతివాడికీ పని నేర్పింది ఆయనే. ఆయనకొక అలవాటుండేది. పలకట్లేదని చెప్పినా వెంటనే ముట్టుకునేవారు కాదు. "మళ్ళీ ఒక్కసారి చూడమ్మా" అనేవారు. రోజుకు పదిసార్లు రెండేసిసార్లు చూడాలంటే నాకు విసుగొచ్చేది. ఇప్పుడు ఆ విసుగు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఈ పద్ధతిలో ఒక చిల్లు ఉంది. ఇక్కడ ఆఫీసులో మా పోర్టును మేమే మూసేస్తే, అవతల నిక్షేపంలా కరెంటున్నా పెట్టె పలకదు. అయితే అలా మూసిన పోర్టు పక్కన తెర మీద వేరే మాట కనిపిస్తుంది, ఇది ఆఫీసువాళ్ళే మూశారని. కళ్ళున్నవాళ్ళెవరైనా చదవగలరు. మనిషి గట్టు మీద ఉండి ఫోన్ చేసినప్పుడు ముందు ఆ మాట చూసి, తర్వాతే జవాబు చెప్పాలి.

శివరాత్రి వెళ్ళిన వారం అది. ఆ రోజు మా పాపకు జ్వరం. డాక్టరుకు చూపించి, అత్తగారికి అప్పజెప్పి బయల్దేరేసరికి పదకొండు. మా సూపర్‌వైజరు వరప్రసాద్ గారికి ముందే ఫోన్ చేశాను. "ఏం ఫర్వాలేదు, రిజిస్టర్‌లో తొమ్మిదింటికే వచ్చినట్టు పెట్టిస్తాలే. నేను చూసుకుంటాను నీ సీటు" అన్నారు. మంచి మనిషి అనుకున్నాను.

పన్నెండు దాటాక ఆఫీసు మెట్లెక్కాను. అప్పటికే కబురు వచ్చేసింది. మండవల్లి అవతల చెరువు షెడ్డులో దానియేలు గారు పెట్టె ముట్టుకుని పడిపోయారు. కాపలావాడు కర్రతో విడిపించేటప్పటికే ప్రాణం పోయింది. పెట్టెలోని రౌటరు కూడా కాలిపోయింది. ఆయన చేతిలో ఫోను చెరువులో పడిందట.

వరప్రసాద్ గారు నా కుర్చీలో నుంచి లేచి బయటికి వెళ్ళారు. నేను కూర్చుని, ఏం చేయాలో తోచక, చేతి అలవాటు కొద్దీ రౌటరు లాగ్ తెరిచాను. ఎవరు ఏ నిమిషాన ఏం చేశారో అందులో ఉంటుంది. పదకొండు ముప్ఫై ఒకటికి తొమ్మిదో పోర్టు మూశారు. పదకొండు యాభై రెండుకు తెరిచారు. రెండూ వరప్రసాద్ గారి లాగిన్ మీదే. బల్ల మీద ఆ రోజు పని చీటీ ఉంది. అందులో మూయాల్సింది ఎనిమిదో పోర్టు. మండవల్లి లైను తొమ్మిది.

తర్వాత కాపలావాడి ఫోనులో చూస్తే, దానియేలు గారు పడిపోగానే అతను చేసిన మొదటి కాల్ పదకొండు ముప్ఫై తొమ్మిదికి ఉంది. డెస్కు ఫోనులో ఆయన కాల్ వచ్చిన టైము ముప్ఫై ఎనిమిది. అంటే ఆయన అడిగినప్పుడు, పోర్టు మా దగ్గరే మూసి ఉంది. పెట్టెలో కరెంటు ఉంది.

ఆ సాయంత్రం రౌటరు హ్యాంగైందని వరప్రసాద్ గారు దాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేశారు. దానితో లాగ్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. డెస్కు ఫోనులో ప్రతి కాల్ రికార్డవుతుంది. ఆ ఒక్క కాల్ రికార్డింగ్ లేదు. నేను లాగ్‌ను ఫోటో తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదంటే, బుద్ధి లేక.

మర్నాడు ఆయన నా బల్ల దగ్గరికొచ్చి చాలా నెమ్మదిగా అన్నారు. "రిజిస్టర్ ప్రకారం ఆ టైముకు ఈ సీట్లో ఉన్నది నువ్వే పద్మజా. నేను నిన్ను ఇరికించట్లేదు. ఫోన్ నేనే ఎత్తానని రాశాను. ఇంకా పలుకుతోంది, ఆగమని చెప్పాను. వినకుండా ముట్టుకున్నాడు. అంతే." నాకు చేసిన సాయాన్నే నా మెడకు ఉరి చేసి పెట్టాడు. ఇకపై ఆ మనిషిని గారు అనడం నా వల్ల కాదు.

రిపోర్టు అలాగే వెళ్ళింది. నేను నోరు మూసుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. నెల తిరక్కుండా కొత్త లైన్‌మెన్‌కు ట్రైనింగ్ అని కూర్చోబెట్టి, "ఆగమంటే ఆగాలయ్యా. ఆగకపోతే దానియేలులాగే పోతారు" అని చెప్పడం మొదలుపెట్టాడు. గాజు తలుపు ఇవతల కూర్చుని నేను వింటూనే ఉన్నాను. పద్ధతి పెట్టినవాడినే పద్ధతి తప్పినవాడని చెప్పి పాఠం చేశాడు. వీడికి ఇలాంటి చావే రావాలని ఆ రోజు మనసులో అనుకున్నాను. ఒక్కసారి కాదు, చాలాసార్లు.

దానియేలు గారి భార్య రత్నకుమారి గారు ప్రతి సోమవారం ఆఫీసుకు వచ్చేవారు. మండవల్లి నుంచి బస్సులో వచ్చి, నా డెస్కు పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. ఏడవరు, అరవరు. ఎవరు కనిపించినా ఒక్కటే అడిగేవారు.

"నాకు ఒక్కటే చెప్పండి. ఆగమంటే ఆయన ఆగలేదా? ముప్ఫై ఏళ్ళు కాపురం చేశానండీ. అన్నం ముందు పెట్టినా ప్రార్థన అయ్యేదాకా చెయ్యి పెట్టని మనిషి. ఆగమంటే ఆగని మనిషా అండీ ఆయన?"

వాళ్ళ చర్చి సంఘంలో కూడా ఆయన తొందరపడి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడనే చెప్పుకుంటున్నారట. ఆమెకు కావలసింది ఆ మాట పోవడం. నేను కంప్యూటరు వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

ఇక అసలు సంగతి.

మండవల్లి నుంచి తెచ్చిన కాలిన రౌటరును గోతాము దారంతో కట్టి స్టోర్‌రూమ్ బీరువాలో పడేశారు. తొమ్మిదో పోర్టులోంచి తీగ నేనే పీకేశాను. పోర్టు మూసేశాను కూడా. అది జరిగి రెండు వారాలు.

ఒకరోజు లైన్లన్నీ వరసగా పిలిచి చూస్తున్నాను. ఒకటి, రెండు అనుకుంటూ వెళ్ళి, పరధ్యానంగా తొమ్మిదో దాన్ని కూడా పిలిచాను. ఐదు పిలుపులు, ఐదు జవాబులు.

అడ్రసు తప్పు కొట్టాననుకున్నాను. మళ్ళీ చూసి కొట్టాను. ఐదుకు ఐదు. లేచి వెళ్ళి రౌటరు చూశాను. తొమ్మిదో పోర్టు బోడిగా ఉంది, దీపం కూడా వెలగట్లేదు. తెర మీద పోర్టు పక్కన ఆఫీసువాళ్ళే మూశారనే మాట ఉంది. దాని కిందే ఐదు జవాబులు.

ఇలాంటివి వచ్చినప్పుడు ఏం చూడాలో నాకు తెలుసు. అదే అడ్రసు వేరే పెట్టెకు ఎవరైనా పొరపాటున ఇచ్చి ఉండొచ్చు. అలా రెండు పెట్టెలకు ఒకే అడ్రసు పడటం మా పనిలో మామూలే. పట్టుకోవడం తేలిక. ప్రతి పెట్టెకూ పుట్టుకతో ఒక నంబరుంటుంది, వెనక స్టిక్కరు మీద వేసి ఉంటుంది, ఎప్పటికీ మారదు. జవాబిచ్చినది ఏ నంబరో చూస్తే దొంగ దొరికిపోతాడు. చూశాను. నంబరు కాగితం మీద రాసుకుని స్టోర్‌రూమ్‌కి వెళ్ళి బీరువా తీశాను. కాలిన రౌటరు వెనక స్టిక్కరు సగం మాడిపోయింది. మిగిలిన నాలుగు అంకెలూ నేను రాసుకున్నవే.

తిరిగొచ్చి మళ్ళీ పిలిచాను. పలకలేదు. గోడ గడియారంలో పన్నెండు కావస్తోంది.

మర్నాడు పొద్దున్నుంచీ పిలుస్తూ కూర్చున్నాను. పదకొండు ముప్ఫై ఏడు వరకు ఏమీ లేదు. ముప్ఫై ఎనిమిదికి పలికింది. పలుకుతూనే ఉండి, యాభై రెండుకు ఆగిపోయింది. ఆ తర్వాతి రోజూ అంతే. మూడు వారాలు నోటు పుస్తకంలో రాశాను. రౌటరు ఆపి మళ్ళీ ఆన్ చేశాను, ఆ అడ్రసు పూర్తిగా తీసేశాను, పక్క కంప్యూటరు నుంచి పిలిచాను. ఏం చేసినా ఆ నిమిషాలు మారలేదు. ఆ రోజు పోర్టు మూసి ఉండటం వల్ల పలకలేకపోయిన నిమిషాలు అవి. ఇది ఊహ అంటే ఊహే అనుకోండి. టైము మాత్రం ఊహ కాదు.

భయం వేయలేదా అని మా ఆయన అడిగారు. వేయలేదు. నిజం చెప్పాలంటే సంతోషం వేసింది. దానియేలు గారు ఎవరినో వదిలిపెట్టట్లేదనిపించింది. ఆ ఎవరో ఎవరో నాకు తెలుసనుకున్నాను.

ఒక రోజు ముప్ఫై ఎనిమిదికి రెండు నిమిషాల ముందు వరప్రసాద్‌ను పిలిచి నా కుర్చీలో కూర్చోబెట్టాను. "సార్, తొమ్మిదో పోర్టులో ఏదో తేడాగా ఉంది, మీరే పిలిచి చూడండి" అన్నాను. మూసి ఉందని తెర మీద చదివించాను, ఖాళీ పోర్టు చూపించాను. పిలిచాడు. ఐదుకు ఐదు. నంబరు చూపించాను. మనిషి ముఖం నల్లబడిపోయింది. నేను జాలిపడలేదు, కాఫీ కావాలా సార్ అని అడిగాను. ఆ సాయంత్రమే బీరువాలోని రౌటరును పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేశాడు. బండి మీద వేసుకుపోతుంటే కిటికీలోంచి చూశాను.

మర్నాడు ముప్ఫై ఎనిమిదికి మళ్ళీ పలికింది.

ఎండలు ముదిరాయి. మండవల్లి షెడ్డులో కొత్త పెట్టె పెట్టి, పదిహేడో పోర్టు మీద నడుపుతున్నారు. ఒక సోమవారం పొద్దున అది ఆగిపోయింది. చెరువుగలాయన ఫోన్ మీద ఫోన్. చేప మేత పట్టట్లేదు, కెమెరాలు లేవు, వెంటనే రమ్మని. మా లైన్‌మెన్‌లో ఒక్కడంటే ఒక్కడు కూడా ఆ షెడ్డుకు వెళ్తాననలేదు. వేరే ఏ పనైనా చెప్పండి సార్, అది మాత్రం చెప్పకండి అన్నారు. పైవాళ్ళు వరప్రసాద్‌ను నిలదీశారు. ఇక గతిలేక తనే జీపెక్కాడు.

ఆ రోజు సోమవారం కాబట్టి రత్నకుమారి గారు నా పక్క కుర్చీలో ఉన్నారు.

డెస్కు ఫోను మోగింది. గడియారం చూశాను. పదకొండు ముప్ఫై ఎనిమిది. స్పీకరు ఆన్ చేశాను. కావాలనే చేశాను.

"పద్మజా, మొదటి స్విచ్చు ఆపాను. పలుకుతోందా?"

పొద్దున్నుంచీ చచ్చిపడి ఉన్న పెట్టె అది. అలవాటుగా పిలిచాను. ఐదుకు ఐదు.

"పలుకుతోందండీ."

రెండోది ఆపాడు. పలుకుతోందన్నాను. బోర్డులో ఉన్న పదీ ఆపాడు. పలుకుతోందన్నాను. ఇన్వర్టరు తీగలు పీకించాడు, జనరేటరు తాళంచెవి తీయించాడు. పలుకుతోందన్నాను. కాపలావాడిని పంపించి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు తీయించాడు. ఆ గట్టు మొత్తానికి కరెంటు లేదు. ఏరియేటర్లు ఆగిపోయిన నిశ్శబ్దం ఫోనులో నాకే వినబడుతోంది.

"ఇప్పుడు?"

"ఇంకా పలుకుతోందండీ."

యాభై రెండు దాటింది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు.

రత్నకుమారి గారు నెమ్మదిగా అడిగారు, ఏం జరుగుతోందమ్మా అని. చెప్పాను. మా సూపర్‌వైజరు అక్కడ అదే షెడ్డులో ఉన్నారు, పెట్టె ముట్టుకోవాలి, పలుకుతున్నంతసేపూ ముట్టుకోకూడదు, అది ఆగట్లేదు అని. ఆమె తెర వైపు చూస్తూ కూర్చున్నారు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా రాయాలి. "పలకట్లేదు, ముట్టుకోండి సార్" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వాడు చెప్పిన మాటే వాడికి చెప్పాలని. ఆ పెట్టెలో నిజంగా కరెంటుందో లేదో నాకు తెలియదు. ఉంటే ఉండనీ అనుకున్నాను. అనలేదు. దయతో కాదు. వాడు అక్కడ ఎండలో చెయ్యి చాచి, ముట్టుకోలేక, అలాగే నిలబడి ఉండాలని.

అప్పుడు తీగనే తెంచేశాడు. షెడ్డుకు యాభై అడుగుల దూరాన సరుగుడు స్తంభం మీద మా కేబులు ఉంటుంది. కాపలావాడితో దాన్ని కత్తితో కోయించాడు. ఇక ఏలూరుకూ ఆ పెట్టెకూ మధ్య ఏమీ లేదు.

"ఇప్పుడు చూడు. మళ్ళీ చూడు. సరిగ్గా చూడు పద్మజా."

తెర మీద పదిహేడో పోర్టు దీపం ఆరిపోయింది. కింద జవాబులు మాత్రం వస్తూనే ఉన్నాయి.

"పలుకుతోందండీ."

వరప్రసాద్ గొంతు తగ్గించి, "పెట్టె నంబరు చూడు. ఏ పెట్టె పలుకుతోందో" అన్నాడు. చూశాను. కొత్త పెట్టె నంబరు కాదు. చివరి నాలుగు అంకెలు ఒక్కొక్కటిగా చదివాను.

రత్నకుమారి గారు ఫోను వైపు వంగి మాట్లాడారు.

"బాబూ, నేను దానియేలు గారి భార్యనండీ. ఆగమంటే ఆగుతున్నారు కదా మీరు. ఆయన కూడా ఆగేవారేనండీ."

ఆ మనిషి ఏడ్చాడు. నలభై ఎనిమిదేళ్ళ మగవాడు ఫోనులో అలా ఏడవడం నేనెప్పుడూ వినలేదు. "నేనేనమ్మా. పలకట్లేదని చెప్పింది నేనే. ఎనిమిదో పోర్టు అనుకుని తొమ్మిది మూశాను. మళ్ళీ ఒక్కసారి చూడండి సార్ అన్నాడు. నేను చూడలేదమ్మా. చూడకుండానే లేదన్నాను. ముట్టుకోమన్నాను."

రత్నకుమారి గారు కళ్ళు మూసుకున్నారు. "రెండోసారి అడిగారా?" అన్నారు. అడిగాడమ్మా అన్నాడు.

తెర వైపు తిరిగాను. జవాబులు ఆగిపోయాయి. పన్నెండు ఇరవై ఏడు.

ఆ కాల్ రికార్డయింది. నేనే పైవాళ్ళకు వినిపించాను, నా రిజిస్టరు సంగతితో సహా చెప్పాను. నాకు మెమో ఇచ్చారు. వరప్రసాద్ ఉద్యోగం మానేశాడు. అతని మీద కేసు నడుస్తోంది. ఇప్పుడు ఇంట్లో ఫ్యాన్ స్విచ్చు కూడా తన చేత్తో వేయడని, వాళ్ళావిడే వేస్తుందని విన్నాను. విని నేను బాధపడలేదు. ఇప్పటికీ పడట్లేదు.

ఆ సాయంత్రం మరో లైన్‌మ్యాన్ వెళ్ళి ఆ పెట్టె విప్పాడు. లోపలి రౌటరుకు కరెంటిచ్చే అడాప్టరు పొద్దుటే మాడిపోయి ఉంది. ఫిర్యాదు వచ్చిందే అందుకు. అంటే వరప్రసాద్ షెడ్డులో అడుగుపెట్టేసరికే అది పలికే స్థితిలో లేదు.

రిపోర్టు మార్చి రాశారు. దానియేలు గారు రెండుసార్లు అడిగిన తర్వాతే ముట్టుకున్నారని అందులో ఉంది. ఆ కాగితాన్ని ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు చదివిస్తానని రత్నకుమారి గారు చెప్పారు. తీసుకోవడానికి వచ్చిన రోజు నా దగ్గర కూర్చుని, మడత పెట్టి సంచిలో పెట్టుకుంటూ అడిగారు.

"మీకెప్పుడు తెలిసిందమ్మా?"

అబద్ధం చెప్పొచ్చు. అందరితోపాటే అనొచ్చు. ఆ ముఖంలోకి చూసి చెప్పలేకపోయాను.

"ఆ రోజేనండీ. ఆ మధ్యాహ్నమే."

ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నారు. ఎన్ని సోమవారాలో అనుకుంటాను. కుర్చీని తీసి గోడ పక్కన పెట్టి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

ఇది రాయడానికి కారణం ఆ తర్వాత మొదలైంది. తొమ్మిదో పోర్టు ఇప్పుడు పలకదు. రోజూ చూస్తున్నాను, పూర్తిగా మూగబోయింది. కానీ పదకొండు ముప్ఫై ఎనిమిదికి నేను ఏ లైనును పిలిచినా, ముదినేపల్లిదైనా చింతలపూడిదైనా, ఐదు పిలుపులకు ఆరు జవాబులు వస్తున్నాయి. ఒకే పిలుపుకు రెండు జవాబులు రావడం మా పనిలో ఉన్నదే. దానికి కారణాలున్నాయి, అవన్నీ వెతికాను. పోర్టులు మార్చాను, తీగలు మార్చాను. చివరికి కంపెనీ రౌటరునే మార్చింది. ఆరోది ఆగలేదు. దాని నంబరు చివరి నాలుగు అంకెలు నాకు చూడనక్కర లేకుండానే తెలుసు.

నా పక్క డెస్కు అమ్మాయి అదే కంప్యూటరులో, అదే టైముకు పిలిస్తే ఐదే వస్తాయి.

ఇది ఎలా జరుగుతోందో నాకు తెలియదు. తెలిసినవాళ్ళెవరైనా చెబితే వింటాను. ఎందుకు జరుగుతోందో మాత్రం ఎవరూ చెప్పనక్కర లేదు. నిన్న కూడా ఆరు వచ్చాయి. సిగ్గు విడిచి, అందరూ చూస్తుండగా, "మళ్ళీ ఒక్కసారి చూస్తాను దానియేలు గారూ" అని పైకే అన్నాను. రెండోసారి పిలిచాను. ఆరు.